3.4 పంచాయతీరాజ్ చట్టం, 2018: విమర్శనాత్మక పరిశీలన

గత భాగంలో మీరు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ముఖ్యాంశాలను చదివారు. ఇప్పుడు దానిని ఒక ప్రశ్నతో పరిశీలిద్దాం: ఈ చట్టం ఎవరిని జవాబుదారీ చేసింది?

జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలను ఉదాహరణగా తీసుకోండి. అక్కడి సర్పంచ్ రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలి. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. చెక్కుపై ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి. విధులను నిర్లక్ష్యం చేస్తే కలెక్టర్ సస్పెండ్ చేయవచ్చు. ప్రజాధనానికి కాపలా అవసరమే కనుక ఈ నిబంధనల ఉద్దేశాన్ని తప్పుపట్టలేం.

అయితే ఎన్నికల విషయంలో ఇంతటి కట్టుదిట్టం కనిపించదు. రాజ్యాంగంలోని 243-ఇ అధికరణ ప్రకారం పంచాయతీ ఐదేళ్ల గడువు ముగియకముందే ఎన్నికలు పూర్తికావాలి. 2019లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 జనవరి చివర ముగిసింది. తిరిగి ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. నడుమ ప్రత్యేకాధికారులు పాలించారు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలు 15వ ఆర్థిక సంఘం నిధులకు అర్హత కోల్పోయేవి. అంటే ఓటు ఆలస్యమైతే మురుగుకాలువ పనీ ఆలస్యమవుతుంది.

బీసీ రిజర్వేషన్ల ఖరారు వంటి కారణాలు చిన్నవి కావు. కానీ గ్రామసభ జరపని సర్పంచ్ పదవికి ముప్పు ఉన్నప్పుడు, గడువులోగా ఎన్నికలు జరపని ప్రభుత్వానికి ఏ జవాబుదారీతనమూ లేకపోవడం ఈ చట్టంలోని ప్రధాన లోపం. సవరణ అక్కడే మొదలుకావాలి.

మీ అవగాహనను సరిచూసుకోండి: ప్రత్యేకాధికారి పాలనలో మీ గ్రామంలో ఆగిన పని ఒకటి గుర్తించండి. దానికి ఎన్నికల ఆలస్యం ఎంతవరకు కారణమో అయిదు వాక్యాల్లో రాయండి.