ఆరున్నర సెంటీమీటర్ల నీడ

పోయిన శనివారం మా అక్క మనవరాలి బడిలో స్పేస్ ల్యాబ్ తెరిచారు. రమ్మంటే వెళ్లాను. పీఎస్‌ఎల్‌వీ ఉంది, చంద్రయాన్ ల్యాండర్ ఉంది, గోడ నిండా గ్రహాలున్నాయి. అన్నీ అద్దాల పెట్టెల్లోనే. ప్రతి పెట్టె మీదా ‘ముట్టుకోరాదు’ అని చీటీ. ఎనిమిదో తరగతి చదివే మా పిల్ల, రాకెట్ దశలు విడదీసి చూడొచ్చా అని అడిగింది. అవి చూడ్డానికేనమ్మా అన్నారు. ఇంటికొచ్చేదాకా నాకు కడుపు మండుతూనే ఉంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా కర్ర గొడవ తెలుసు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా ఉన్న దేనికీ ఆ నిమిషంలో పక్కకు నీడ పడదు. పైసా ఖర్చు లేదు, పిల్లల్ని ఆవరణలోకి తీసుకురండి అని ఏటా రాస్తాను. మేలో బడులకు సెలవులు, ఆగస్టులో ముసురు. అయినా రాస్తూనే ఉన్నాను.

ఈసారి 3వ తేదీన మేమే చేశాం. డాబా మీద మా నాయనమ్మ నాటి రోకలి నిలబెట్టి, దారానికి రాయి కట్టి వేలాడదీసి నిలువు సరిచూసింది పిల్ల. తిరుపతిలో వాళ్ల పెదనాన్న కొడుకు మీటరు కర్ర పాతి ఫోన్‌లో కాచుకుని ఉన్నాడు. పన్నెండుంబావు దాటినా మాకు మబ్బే. సరిగ్గా 12.23కి తెరిపిచ్చింది. నీడంతా రోకలి మొదట్లోకి ముడుచుకుపోయింది. పిల్ల గబుక్కున వంగి, రోకలి చుట్టూ వేలు తిప్పి చూసింది.

ఆ రోకలి అంతకుముందు కూడా ఒకసారి సూర్యుడి కోసం నిలబడింది. 1980 ఫిబ్రవరి 16న. ఆ సంపూర్ణ గ్రహణం రాయచూరు, నల్గొండ, ఖమ్మం మీదుగా సాగింది. మాది నల్గొండ జిల్లా. మధ్యాహ్నానికే ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది. నాయనమ్మ ఆవకాయ జాడీల మీద దర్భపోచలు వేసింది, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది, నన్ను మధ్యగదిలో కూర్చోబెట్టి గడియ పెట్టింది.

మాది పెంకుటిల్లు. పడమటి వాలులో ఒక పెంకు జరిగి ఉండేది. ఆ సందులోంచి రోజూ సాయంత్రం తూర్పు గోడ మీద రూపాయి బిళ్లంత వెలుగు పడేది, గుండ్రంగా. ఆ రోజు దాని అంచు కొరుక్కుపోయింది. నేను పొయ్యి దగ్గర నుంచి బొగ్గుముక్క తెచ్చుకున్నాను. బిళ్ల సగమైంది, నెలవంకైంది, గోటిగీత అయింది. పొద్దు వాలేకొద్దీ వెలుగు గోడ మీద పైకి పాకుతుంది కదా, నా బొగ్గు గీతలూ మెట్లు మెట్లుగా పైకి పోయాయి. తర్వాత గోడ మీద ఏమీ లేదు. చీకటి. కోళ్లు గంప కిందికి దూరిన చప్పుడు. మళ్లీ వెలుగు వచ్చినప్పుడు నెలవంక కొమ్ములు అటుది ఇటు తిరిగి ఉన్నాయి.

గ్రహణం మా కంట పడకూడదని తలుపులన్నీ మూశారు. మూసినందువల్లే ఆ గది కెమెరా అయింది. పెంకు సందు ఎలా ఉన్నా దాంట్లోంచి పడేది సూర్యుడి బొమ్మేనని హైస్కూల్లో మా సైన్సు మాస్టారు చెప్పాకే తెలిసింది. మాకు అట్టే దూరం లేని జపాల్-రంగాపూర్‌లో, ఉస్మానియా వాళ్ల వేధశాలలో, ఆ మధ్యాహ్నమే శాస్త్రవేత్తలు అదే గ్రహణాన్ని కొలుస్తున్నారు. వాళ్ల కొలతలు నిలిచాయి. నావి ఉగాదికి సున్నం కిందికి పోయాయి. నా కొలతలు చూపించమని అడిగినవాళ్లెవరూ లేరు.

తిరుపతికి వద్దాం. అక్కడ మీటరు కర్రకు ఆరున్నర సెంటీమీటర్ల నీడ పడింది, అదీ దక్షిణం వైపు. మనకు నడినెత్తిన ఉన్న సూర్యుడు వాళ్లకు ఉత్తరాన ఉన్నాడు మరి. పిల్ల కాగితం మీద త్రిభుజం గీసి, కోణమానిని పెట్టి మూడుముప్పావు డిగ్రీలు అంది. 360లో అలాంటివి 96. బస్సు దారి 560 కిలోమీటర్లు. హెచ్చవేస్తే భూమి చుట్టుకొలత 53,760.

అసలుది 40 వేలు. నేను చెప్పలేదు. పుస్తకంలో చూసుకుని మొహం వేలాడేసింది. చాలాసేపటికి, “తాతయ్యా, బస్సు వంకరగా పోతుంది కదా” అంది. మరికాసేపటికి ఇంకో సంగతి పట్టింది: తిరుపతిలో నీడ అతి పొట్టిగా మారింది మనకన్నా నాలుగు నిమిషాల ముందు. అంటే తిరుపతి మనకు కాస్త తూర్పున ఉంది. అంటే ఏటవాలు దూరం కూడా పనికిరాదు, నిట్టనిలువుగా ఉత్తర దక్షిణాల దూరమే కావాలి. అట్లాసు తీసి స్కేలుతో కొలిస్తే 420. లెక్క 40,320కి వచ్చింది.

చూశారా, కర్ర చాలు అని ఇక్కడ ముగించాలని కూర్చున్నాను. కానీ ఆ సాయంత్రం మాటల్లో ఆజాదీశాట్ సంగతి వచ్చింది. 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు చిన్న చిన్న పరికరాలకు ప్రోగ్రాములు రాస్తే, వాటిని కూర్చిన ఎనిమిది కిలోల ఉపగ్రహం 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎస్‌ఎల్‌వీ మీద బయల్దేరింది. రెండో దశ విడిపోయేటప్పటి అదురుకు సెన్సర్ల లెక్క తప్పింది. అవి చెడిపోయాయనుకుంది రాకెట్ కంప్యూటరు. గుండ్రంగా 356 కిలోమీటర్ల ఎత్తున ఉండాల్సిన కక్ష్య ఒక పక్క 76కి దిగింది. అంత కింద గాలి పట్టేస్తుంది, ఉపగ్రహం నిలవదు. చిప్పులో ప్రోగ్రాము ఎక్కించడం ఉపగ్రహం చేయడం కాదు, ముందు పిల్లల చేతికి కర్ర ఇవ్వండి అని ఆ వారం ఇదే చోట రాశాను.

ఇదంతా విని పిల్ల ఒక్కటే అడిగింది. “వాళ్లు మళ్లీ చేశారా తాతయ్యా?”

చేశారు. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 కక్ష్యలోకి చేరింది. దాని గురించి నేను ఒక్క వాక్యం రాయలేదు. తప్పిన లెక్కను సరిచేసుకుని మళ్లీ కొలవడమే చదువు అని నమ్మేవాణ్ని, ఆ పిల్లలకు అదే దక్కితే చూడలేకపోయాను. వాళ్ల లెక్క ఎవరో అడిగారు, మళ్లీ అడిగారు. రోకలి పక్కన కూర్చుని నేను ఒక పిల్లను అడగగలను, 750 మందిని కాదు. 2022లో రాసిన ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

53,760 కొట్టేయకుండా, దాని కిందే 40,320 రాసిన కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. సోమవారం దాన్ని బడికి పట్టుకెళ్లి, అద్దాల పెట్టె పక్కన అంటిస్తానంటోంది.