గలగలమనే సీసా

పోస్టర్ కలర్ సీసాను ఆడిస్తే లోపల గలగలమందంటే రంగు ఎండి పెళ్లలు కట్టిందని అర్థం. చాలా ఇళ్లలో ఆ సీసా నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది. పక్కనే రబ్బరులా బిగుసుకున్న ఫాబ్రిక్ పెయింటుకేమో నీళ్లు పోసి, పుల్లతో కలుపుతూ కూర్చుంటారు. బతికేదాన్ని పారేసి, పోయినదానికి వైద్యం చేస్తున్నామన్నమాట.

ఎండిన రంగు తిరిగొస్తుందా లేదా అన్నది దాన్ని పట్టి ఉంచే బంకను బట్టి ఉంటుంది. వాటర్ కలర్‌లో ఆ బంక తుమ్మ జాతి చెట్ల జిగురు. ఎండినా తడి తగిలితే కరుగుతుంది. చేర్యాల పటాలు గీసే నకాషీ చిత్రకారులు చెట్టు జిగురుతో రంగులు కలుపుకున్నదీ ఈ దారిలోనే. గట్టిపడిన వాటర్ కలర్ ట్యూబును నిలువునా కోసి, లోపలి ముద్దను ఏదైనా చిన్న మూతలో పెట్టుకుంటే చాలు, రంగు బిళ్ల తయారు. పోస్టర్ కలర్‌కి ఇంకాస్త ఓపిక కావాలి. పెళ్లలు చిదిపి, గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోసి, చుక్క గ్లిజరిన్ వేసి రాత్రంతా నాననివ్వాలి. నీళ్లెక్కువైతే కాగితం మీద ఆరాక రంగు వేలికి పొడిగా అంటుతుంది. కాస్త జిగురు నీళ్లు కలిపితే సర్దుకుంటుంది. మూత తీయగానే కంపు కొట్టిందంటే మాత్రం జిగురు కుళ్లినట్టే. ఇక దాని జోలికి పోవద్దు.

అక్రిలిక్ దారి వేరు. నీరు ఆవిరైపోగానే అందులోని ప్లాస్టిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరవుతాయి. పెరుగు మళ్లీ పాలవుతుందా? ఫాబ్రిక్ పెయింట్లలో ఎక్కువ భాగం ఈ కోవలోవే. చిక్కబడి ఇంకా జారుతుంటే కాసిని నీళ్లు పోసి చూడండి, సాగుతుంటే వదిలేయండి.

ఆయిల్ రంగులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని బిగుస్తుంది. గాలి తగిలిన పైభాగాన తొక్క కడుతుంది గానీ, దాన్ని కోసి తీస్తే అడుగున తాజా రంగు దొరుకుతుంది. ఒకప్పుడు చిత్రకారులు ఈ రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో దాచుకునేవారు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగొచ్చే తగరపు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన అంత మేలు చేస్తే మనం మరల మీద రంగు తుడవకుండా మూత బిగిస్తాం! అలా బిగుసుకున్న మూతను పటకారుతో తిప్పితే ట్యూబు మెడ మెలితిరిగి పోతుంది. వేణ్ణీళ్లలో కాసేపు ముంచి, గుడ్డతో పట్టుకుని తిప్పండి. ఊడాక మరలు తుడిచి, వేజలీన్ పలచగా రాయండి.

పనికిరాని అక్రిలిక్‌ను సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది. పాత పేపరు మీద పూసి ఆరనిచ్చి చెత్తలో వేయాలి. సీసా గోడలకు అంటుకున్నది నానబెడితే చాలావరకు పొరలా ఊడొస్తుంది. ఆ సీసాలు నాకు కావాలి. పోపుడబ్బాల పక్కన వాటికి చోటెందుకని ఇంట్లో వాళ్లు అడుగుతూనే ఉన్నారు.