రాక్షసుడికీ ఒకప్పుడు ఇల్లుండేది

ఈ సంచికకి సంపాదకులు నన్ను వ్రాయమన్నది చలికాలంలో గుండె జాగ్రత్తల గురించి. మంచు ఎత్తేటప్పుడు పార నిండా ఎత్తకండి, మధ్యమధ్య ఆగండి, ఛాతీలో బరువనిపిస్తే ఆలోచించకుండా 911కి ఫోను చెయ్యండి. ఆ వ్యాసం అయిపోయింది. మిగిలిన పేజీలు సినిమాలకి వాడుకుంటున్నాను.

దీనికో కారణం ఉంది. మొన్న మన దసరా వేడుకలో పులిహోర కోసం వరసలో నిలబడి ఉంటే, నా ఫోను వెనక అంటించిన బొమ్మ చూసి ఒక పెద్దాయన, "డాక్టరువి, నలభై దగ్గరపడుతున్నాయి, ఇంకా ఈ కార్టూన్లేమిటయ్యా?" అన్నారు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. ఇది ఆయనకి జవాబు.

జపాను వాళ్ళు తీసే బొమ్మల సినిమాలని ఆనిమే అంటారు. వాటిలో చాలా రకాలున్నాయి. నేను మాట్లాడేది రాక్షసులూ, శాపాలూ, కత్తియుద్ధాలూ ఉండే రకం గురించి. ఎదిగిన పిల్లలున్న ఇళ్ళలో ఈ మాట కొత్త కాదు. పిల్లలు తలుపు వేసుకుని చూసేదీ, మనం తలుపు తియ్యగానే ఆపేసేదీ ఇవే.

ఈ రుచి నాకు తెనాలిలోనే పట్టుబడింది. కె.వి. రెడ్డిగారు 1951లో తీసిన పాతాళభైరవి, ఆ తరవాత విఠలాచార్యగారి గండికోట రహస్యం వంటివి ఆదివారం టీవీలో వస్తే, మా నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టి నన్ను దగ్గర కూర్చోబెట్టుకునేవారు. నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావుగారంటే నాకు హడలు. అయినా ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసేవాణ్ణి. ఒకసారి అడిగాను: "నాన్నా, ఆ మాంత్రికుడికి అమ్మా నాన్నా లేరా?" నాన్నగారు కాసేపు ఆలోచించి, "ఉండే ఉంటార్రా. సినిమాలో చెప్పలేదు" అన్నారు.

నిజమే, మన జానపద చిత్రాల్లో అది చెప్పరు. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఏ చిలకలో ఉందో చెబుతారు గాని, ఫకీరు కాకముందు ఆయన ఎవరో చెప్పరు. చిలక మెడ విరవగానే మనం చప్పట్లు కొడతాం, కథ కంచికి వెళుతుంది. పురాణాల తీరు వేరు. తాటక భర్తని పోగొట్టుకుని, శాపం తగిలి రాక్షసి అయింది. కబంధుడు చేతులు తెగి పడ్డాక తన శాపం సంగతి చెప్పుకుని, దహనం చెయ్యమని రామలక్ష్మణులనే అడిగాడు. వాళ్ళు చేశారు. చంపినవాడే చితి పేర్చాలన్నది మన పెద్ద కథల్లో ఉన్న మర్యాద. ఈ జపాను చిత్రాలు చూడ్డానికి జానపదాల్లా ఉంటాయి గాని, వాటిలో మంచివి ఈ పురాణ మర్యాద పాటిస్తాయి. నా వాదమంతా ఇదే. మూడు చిత్రాలు తీసుకుని చూద్దాం.

మొదటిది డీమన్ స్లేయర్ కథలోని మూగెన్ ట్రెయిన్. కోయోహారు గొతోగే 2016 నుంచి 2020 దాకా వారపత్రికలో గీసిన బొమ్మల కథ దీనికి మూలం. దర్శకుడు హరువో సొతొజాకి. 2020 అక్టోబరులో జపానులో విడుదలై, 2001 నాటి స్పిరిటెడ్ అవే వసూళ్ళని దాటిపోయింది. ఇక్కడ 2021 ఏప్రిల్లో విడుదలయ్యే నాటికి టొరంటోలో హాళ్ళన్నీ మూసి ఉన్నాయి. నేను ఆ వేసవిలో ఇంట్లోనే, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి చూశాను.

కథానాయకుడు తాంజిరో బొగ్గులమ్ముకునే ఇంటి పిల్లవాడు. రాక్షసుడు ఇంటిల్లిపాదినీ చంపగా చెల్లెలొక్కతే మిగిలింది, అదీ రాక్షసిగా మారిపోయి. ఈ చిత్రంలో అతను ఎక్కిన రైలు ఒక రాక్షసుడి వల. కండక్టరు టికెట్టుకి చిల్లు పెట్టగానే ప్రయాణికులందరూ నిద్రలోకి జారిపోతారు. ఎవరి కల వారికి, అన్నీ సుఖమైన కలలే. తాంజిరో కలలో చచ్చిపోయిన తల్లీ, తమ్ముళ్ళూ, చెల్లెలూ బతికే ఉంటారు. మంచు కురుస్తుంటుంది, పొయ్యి వెలుగుతుంటుంది. ఇది కల అని అతనికి తెలిసిపోతుంది. మేలుకోవాలంటే వాళ్ళని వదిలి వెళ్ళాలి. చిన్న తమ్ముడు వెనక నుంచి ఏడుస్తూ పిలుస్తుంటే వెనక్కి తిరగకుండా నడిచిపోతాడు.

2021 ఏప్రిల్ 22న కెనడా ప్రభుత్వం ఇండియా నుంచి వచ్చే విమానాలు ఆపేసింది. మే నెలలో నాన్నగారు పోయారు. వెళితే తిరిగి రావడం ఎప్పటికో తెలియదు, ఇక్కడ వార్డులు నిండి ఉన్నాయి. నేను వెళ్ళలేదు. బాబాయి కర్మ చేస్తుంటే బావగారు ఫోను పట్టుకుని చూపించారు. ఆ తరవాత చాలా రాత్రులు కలలో తెనాలి వెళ్ళాను. నాన్నగారు పేపరు చదువుతుండేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ రోజుల్లో ఈ సినిమా చూశాను కనుక, దీని మీద నా తీర్పు పూర్తిగా నిష్పక్షపాతం అని చెప్పలేను. పాఠకులు ఆ మేరకు తగ్గించి చదువుకోవచ్చు.

అయినా వైద్యుడిగా ఒక సంగతి చెప్పాలి. ఆ రాక్షసుడికి సాయపడేది మనుషులే. సుఖమైన కల ఇస్తానంటే వాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళలో ఒక కుర్రవాడు క్షయరోగి. తాంజిరో మనసుని నాశనం చెయ్యడానికి అతని కలలోకి దిగినవాడు, అక్కడి వెచ్చదనం చూసి చెయ్యెత్తలేక ఊరుకుంటాడు. ఈ కుర్రవాడికి చిత్రంలో కొద్ది నిమిషాలకి మించి చోటు లేదు. నొప్పితో ఉన్న మనిషి ఎంత తప్పుడు బేరానికైనా ఎందుకు దిగుతాడో అంత క్లుప్తంగా చెప్పిన చిత్రాలు తక్కువ.

చివర అకాజా అనే పెద్ద రాక్షసుడు వస్తాడు. వీరుడు రెంగోకుతో బేరం పెడతాడు: రాక్షసుడివైపో, ముసలితనం లేదు, చావు లేదు, ఎప్పటికీ కత్తి తిప్పుతూ ఉండొచ్చు. రెంగోకు ఒప్పుకోడు. ముసలివాళ్ళవడం, పోవడం ఉండబట్టే మనుషులు ప్రియమైనవాళ్ళు అన్నది అతని జవాబు సారాంశం. మా వార్డులో ఎనభై దాటినవాళ్ళే ఎక్కువ. అమరత్వం కావాలని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. మనవరాలి పెళ్ళిదాకా ఉంటానా అని అడుగుతారు. రెంగోకు మాట వాళ్ళకి అర్థమవుతుంది. అతను తెల్లవారాక చనిపోతాడు, కాని రైల్లోని రెండువందలమందిలో ఒక్కరూ పోరు.

రెండోది జుజుత్సు కైసెన్ 0, 2021 డిసెంబరులో జపానులో వచ్చింది. యూటా అనే పిల్లవాడి నేస్తం రీకా చిన్నప్పుడే అతని కళ్ళెదుట కారు కింద పడి చనిపోయింది. ఆమె భయంకరమైన పిశాచమై అతన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. పిశాచం పిల్లవాణ్ణి పట్టిందని అందరూ అనుకుంటారు. చివరకి తెలిసేదేమిటంటే, ఆమె చావుని ఒప్పుకోలేక అతనే ఆమెని పట్టి ఉంచాడు. శాపం పెట్టింది బతికున్నవాడు! ప్రాణం నిలవదని తెలిసిన మనిషి మంచం దగ్గర, "డాక్టరుగారూ, ఇంకేదైనా చెయ్యండి" అంటూ చెయ్యి వదలని కొడుకులని, కూతుళ్ళని నేను చూస్తూనే ఉంటాను. వాళ్ళది ప్రేమే. ఆ ప్రేమ మంచం మీది మనిషికి ఏం చేస్తుందో ఈ సినిమా తిన్నగా చెప్పింది. ఇంత మంచి కథని మధ్యలో పాడుచేశారు. టీవీలో అభిమానులున్న పాత్రలన్నీ ఒక్కొక్కటే వచ్చి ఒక్కో పోరాటం చేసి వెళ్ళిపోతాయి. అరగంట కోసేస్తే చిత్రం బాగుపడేది.

మూడోది డీమన్ స్లేయర్ వరసలోనే 2025లో వచ్చిన ఇన్ఫినిటీ కాసిల్. సెప్టెంబరు 12న ఇక్కడా ఇండియాలోనూ ఒకేరోజు విడుదలైంది. నేను స్కార్‌బరో టౌన్ సెంటర్ దగ్గరి హాల్లో, తమిళ, ఫిలిప్పినో, చైనా కుర్రకారు మధ్య, జపాను మాటలు వింటూ ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూశాను. విజయవాడలో మా అక్కయ్య కొడుకు దర్జాగా తెలుగులో చూశాడు. తెలుగు సంఘం పెట్టుకున్న మనకి తెలుగు మాటలు దక్కలేదు!

ఇందులో అకాజా మళ్ళీ వస్తాడు, చస్తాడు. చచ్చే ముందు అతని గతం తెలుస్తుంది. మనిషిగా ఉన్నప్పుడు అతని పేరు హకుజి. జబ్బుపడ్డ తండ్రికి మందు కొనడానికి జేబులు కొట్టేవాడు. కొడుకు తన కోసం దొంగ అవడం భరించలేక ఆ తండ్రి ఉరివేసుకున్నాడు. తరవాత ఒక గురువు చేరదీసి, జబ్బుతో ఉన్న తన కూతురు కోయుకికి సేవ చెయ్యమన్నాడు. హకుజి ఏళ్ళ తరబడి ఆ మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె కోలుకుంది, పెళ్ళి కుదిరింది. ఆ కబురు తండ్రి సమాధి దగ్గర చెప్పడానికి వెళ్ళి వచ్చేసరికి, శత్రువులు బావిలో విషం కలిపారు. గురువూ పోయాడు, కోయుకీ పోయింది. చేసినవాళ్ళని అరవై ఏడుగుర్ని వట్టి చేతులతో చంపి రోడ్డు మీద నడుస్తున్నవాడు రాక్షసుడికి దొరికాడు. అన్నీ మరిచిపోయాడు.

మొదటి చిత్రంలో బలహీనుల్ని చూస్తే అసహ్యం అన్నవాడు ఇతనే. ఒకప్పుడు రోగి నుదుటి మీద తడిగుడ్డ మార్చినవాడూ ఇతనే. మా వృత్తిలో ఈ మార్పు చూశాను. చాలామందిని కాపాడలేకపోయినవాళ్ళలో కొందరు మెత్తబడతారు, కొందరు రోగి మీదే కోపం పెంచుకుంటారు. 2021 తరవాత కొన్నాళ్ళు నేను రెండో రకంలో ఉన్నాను. అందుకే ఆ దృశ్యం దగ్గర నా పాప్‌కార్న్ అలాగే ఉండిపోయింది.

లోపాలు చెప్పకపోతే విమర్శ కాదు. ఇన్ఫినిటీ కాసిల్ నిడివి 155 నిమిషాలు. కత్తి గాలిలో ఉండగా పాత్ర తన మనసులో మాట పేజీలకి పేజీలు చెప్పుకుంటుంది. పోరాటం మంచి పట్టులో ఉన్నప్పుడు గతం మొదలుపెట్టి, ఊపు చల్లార్చి వెనక్కి తెస్తారు. టీవీ కథ చూడనివాళ్ళకి తలా తోకా తెలియదు. అన్నిటికన్నా పెద్ద లోపం, ప్రతి రాక్షసుడికీ తల తెగే వేళకి ఒక కన్నీటి కథ సిద్ధంగా ఉండటం. అది అలవాటైపోతే దుఃఖం కూడా లెక్క ప్రకారం వడ్డించినట్టుంటుంది. అకాజా విషయంలో అలా అనిపించకపోవడానికి కారణం, అతని మీద ద్వేషం మనలో మొదటి చిత్రం నుంచీ నిలవ ఉండటమే.

మా మేనల్లుడు ఫోనులో నాతో వాదించాడు. "మామయ్యా, నువ్వు ఫైట్లు చూడవు, ఏడుపులే చూస్తావు. యూఫోటేబుల్ వాళ్ళు ఆ కోటని ఎలా తిప్పారో చూశావా?" అన్నాడు. చూశాను. నేల గోడై, గోడ కప్పై తిరిగిపోతుంటే కడుపులో తిప్పింది, అది మెచ్చుకోలుగానే అంటున్నాను. తరవాత వాడే ఇంకో ప్రశ్న వేశాడు. "అయినా అంతమందిని చంపినవాడి మీద మనకి జాలేమిటి మామయ్యా? రెంగోకు సంగతేమిటి?"

ఇది తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదు. చచ్చినవాళ్ళ కథల కన్నా చంపినవాడి కథకి ఎక్కువసేపు కేటాయించారన్నది నిజం. నేను వాడికి చెప్పిందిది: తాంజిరో జాలిపడతాడు గాని కత్తి దించడు. కబంధుడి చేతులు నరికాకే రాముడు చితి పేర్చాడు. జాలి వేరు, వదిలెయ్యడం వేరు. వాడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు గాని, నలభై నిమిషాలు మాట్లాడాడు. మామూలుగా వాడు నాతో రెండు నిమిషాలకి మించి మాట్లాడడు.

కనుక పెద్దాయనగారికి నా మనవి. చిన్నపిల్లలకి వీటిని చూపించకండి, రక్తం ఎక్కువ. మీ ఇంట్లో పదహారేళ్ళ మనవడున్నాడు కదా, వాడి గది తలుపు తట్టండి. పక్కన కూర్చుని, ఆ రాక్షసుడికి అమ్మా నాన్నా లేరా అని అడగండి. వాడి దగ్గర జవాబుంటుంది.

మంచు మాత్రం ఆగి ఆగి ఎత్తండి.