యాభై ఆరుగురిలో ఆడేది నలుగురే

కొత్త ఫైటింగ్ గేమ్ వచ్చిందంటే మా హుజూర్‌నగర్ పిల్లలు అడిగేది ముందు ఒక్కటే: "అన్నా, ఎంతమంది ఉన్నరు అండ్ల?" కథేంటని అడగరు, ధరెంతని అడగరు. తలకాయల లెక్క కావాలి. రెండు కంపెనీల హీరోలు ఒకే గేమ్‌లో కొట్టుకుంటున్నారంటే ఆ లెక్కకు ఇంకా గిరాకీ. స్పైడర్‌మ్యాన్ ఉన్నడా, ర్యూ ఉన్నడా, హల్క్ ఉన్నడా? యూట్యూబ్‌లో రివ్యూలు చెప్పే పెద్దమనుషులు కూడా అక్కడే మొదలుపెడతారు. నేను రాసేటప్పుడు మాత్రం ఆ అంకె జోలికి ఆఖరికి గానీ పోను. ఎందుకో ఈ వారం గేమ్‌తోనే చెప్తాను.

2024 సెప్టెంబరులో క్యాప్‌కామ్ తెచ్చిన 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్: ఆర్కేడ్ క్లాసిక్స్' ఇది. నేను ఆడింది ప్లేస్టేషన్ 4 మీద. పేరు కొత్తదే గానీ సరుకు పాతది. ఒకప్పుడు కాయిన్ వేసి ఆడిన ఆర్కేడ్ గేములు ఏడింటిని ఒక్కచోట కట్టారు. ఆరు ఎదురెదురుగా తలపడేవి. ఏడోది 1993 నాటి 'ది పనిషర్', రౌడీలను ఉతుక్కుంటూ ముందుకు పోయేది. మనోళ్లు 'ముస్తఫా' అని పిలుచుకున్న గేమ్‌కు దాయాది. తలపడేవాటిలో మొదటిది 1994 నాటి ఎక్స్‌మెన్ గేమ్. 1996లో ఆ ఎక్స్‌మెన్‌ను తీసుకొచ్చి స్ట్రీట్ ఫైటర్ మనుషుల ముందు నిలబెట్టారు. జనం ఎగబడ్డారు. ఇక ఆగలేదు. 2000లో వచ్చిన 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2' నాటికి తలపడే వీరుల జాబితా 56కు చేరింది. ఈ మూటలో అందరూ చూసేది దాన్నే.

ఆ 56 సంగతి చూడండి. వుల్వరిన్‌నే రెండుసార్లు లెక్కేశారు, ఒకడు ఉక్కు గోళ్లవాడు, ఇంకొకడు ఎముక గోళ్లవాడు. అదలా ఉంచండి. ఈ గేమ్‌ను పందెం పెట్టి ఆడేవాళ్లు ఏళ్ల తరబడి పట్టుకున్నది ముఖ్యంగా నలుగుర్ని: మాగ్నీటో, స్టార్మ్, సెంటినెల్, కేబుల్. వాళ్లకు 'నలుగురు దేవుళ్లు' అనే పేరు కూడా పడింది. ఒక్కొక్కరు ముగ్గురితో జట్టు కట్టాలి. పెద్ద పోటీల్లో చాలా జట్లలో ఈ నలుగురిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావాళ్లలో చాలామంది పెళ్లికి వచ్చి భోంచేసి పోయే చుట్టాలే.

శివరాత్రికి మా ఊరి పక్కనే ఉన్న మేళ్లచెర్వులో ఎడ్ల పందేలు జరుగుతాయి. బండ కట్టే ముందు వయసు కట్టడానికి జత నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్లవి ఒక విభాగం, నాలుగు పళ్లవి ఒకటి, ఆరు పళ్లవి ఒకటి, ముదురువి సీనియర్స్‌లో. రెండు కంపెనీల హీరోలను కలిపే గేమ్‌లో ఈ పళ్లు చూసే పని ఉండదు. తెర నిండా ఉండే సెంటినెల్ అనే ఇనుప రాకాసికి ఎదురుగా మోకాలెత్తు సర్వ్‌బాట్‌ను నిలబెడతారు. అది వాళ్లకు సరదా. సర్వ్‌బాట్ ఎంత పొట్టివాడంటే అవతలివాడు నిలబడి వేసే దెబ్బల్లో చాలా భాగం తల మీదుగా పోతాయి. వాడికున్న ఆస్తి అదొక్కటే. వాణ్ని పట్టుకుని గెలిచిన కుర్రాణ్ని చూస్తే నాకు ఎక్కడలేని గౌరవం పుట్టుకొస్తుంది. అలాగని గేమ్ తయారుచేసినవాడికి మాత్రం ఆ మార్కులు వెయ్యలేను.

ఇలా ఎవరి లోకం వాళ్లదైన వీరులను తెచ్చి ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పే కథ మనకేమీ కొత్త కాదు. జపాన్‌వాళ్లూ అమెరికావాళ్లూ కలిసి కనిపెట్టారని మన పిల్లలు అనుకుంటారు. కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం పెట్టింది ఎవరు? వ్యాసుడి భారతంలో అది లేదు. రాముడూ ఆంజనేయుడూ కొట్టుకున్నట్టు వాల్మీకి ఎక్కడా రాయలేదు. అయినా మన నాటకాలవాళ్లు, ఆ తర్వాత సినిమావాళ్లు ఈ రెండు యుద్ధాలనూ తెలుగునాట ఊరూరా తిప్పారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గయోపాఖ్యానం' నాటకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడైందని చెప్పుకుంటారు. 1963లో కె.వి. రెడ్డి దాన్ని 'శ్రీకృష్ణార్జున యుద్ధము'గా తీశారు. కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్. పురాణంలోని ఇద్దరు వీరులు, వాళ్ల మీద ఇద్దరు స్టార్లు. హాల్లో రెండు వర్గాల జనం. ఎవర్ని ఓడించినా సగం హాలు లేచిపోతుంది.

మరి అంత చిక్కుముడిని ఎలా విప్పారో గమనించారా? గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ ఉమ్మిన తాంబూలం కృష్ణుడి దోసిట్లో పడింది. అర్ఘ్యం పాడైంది. వాణ్ని చంపుతానని కృష్ణుడు ఒట్టేశాడు. గయుడు పోయి, తన వెంట పడ్డదెవరో చెప్పకుండానే, అర్జునుడి దగ్గర అభయం పుచ్చుకున్నాడు. ఇప్పుడు ఇద్దరిదీ న్యాయమే. వెనక్కి తగ్గడానికి ఇద్దరికీ దారి లేదు. మధ్యలో సుభద్ర, ఒకరికి చెల్లెలు, ఒకరికి భార్య. యుద్ధం మొదలయ్యేలోపే ప్రేక్షకుడికి రెండు వైపులా ఊపిరి బిగుస్తుంది. ఆఖరికి శివుడు దిగొచ్చి ఆపాల్సిందే తప్ప ఇద్దరిలో ఏ ఒక్కరూ తగ్గరు. 'శ్రీరామాంజనేయ యుద్ధం'లోనూ ఇదే పద్ధతి: రాముడి శపథం, శరణు జొచ్చిన యయాతి, మాట తప్పని హనుమంతుడు. 1975లో బాపు తీసినా అంతకుముందు ఇంకొకరు తీసినా అందులో మారింది పైపూత మాత్రమే.

నేను ఇలాంటి గేమ్‌ను తూచే తక్కెడ ఇక్కడి నుంచే వచ్చింది. ఇద్దరినీ కలిపారు సరే, ఇద్దరి మాటా నిలిచిందా? ఎవరూ తన స్వభావం పోగొట్టుకోకుండా అవతలివాడికి సమానంగా నిలబడ్డాడా? కాకపోతే నాటకంలో స్వభావం పద్యంలో తెలుస్తుంది. గేమ్‌లో బొటనవేలికి తెలియాలి.

ఉదాహరణకు స్ట్రీట్ ఫైటర్ ర్యూ నిప్పుల బంతిని తీసుకుందాం. కంట్రోలర్ మీది ప్లస్ గుర్తు బటన్‌ను కిందికి నొక్కాలి, అక్కణ్నుంచి వేలు ఎత్తకుండా మూలకు జార్చాలి, అక్కణ్నుంచి ముందుకు, ఆ వెంటనే గుద్దు బటన్. కింద, మూల, ముందు, గుద్దు. ఆలోచించి చేస్తే రాదు. గేమ్ సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది. ఈ నాలుగు పనులూ కొద్ది ఫ్రేముల్లోనే అయిపోవాలి. మూల దగ్గర వేలు కొంచెం ఎగిరితే నిప్పు రాదు, ర్యూ ఉత్తినే గాల్లో గుద్దుతాడు, ఆ సందులో అవతలివాడు వచ్చి మీద పడతాడు. ట్రైనింగ్ మోడ్‌లో మనం నొక్కినవన్నీ తెర పక్కన బాణం గుర్తులుగా వరసగా పడతాయి, ఎక్కడ జారామో అక్కడే కనిపిస్తుంది. ర్యూ అంటే ఆ క్రమశిక్షణే. అదే హల్క్‌ను పట్టుకుంటే లెక్క వేరు. అడుగు బరువు, దెబ్బ బరువు, చిన్న దెబ్బలు తగిలినా కదలని మొండితనం. స్పైడర్‌మ్యాన్ ఒకచోట నిలబడడు. ఒకరి నుంచి ఇంకొకరికి మారినప్పుడు మన చేతులే మారిపోవాలి. ఆ పని ఈ పాత గేములు అద్భుతంగా చేశాయి. 56లో సమానత్వం లేదన్నాను గానీ స్వభావం లేదనలేదు.

ధాల్సిమ్ గురించి ఒక మాట చెప్పకపోతే మనసు ఊరుకోదు. స్ట్రీట్ ఫైటర్ 2 నుంచీ ఉన్న మన దేశపు యోగి. మెడలో కపాలాల దండ, నోట్లోంచి మంట, చేతులు సాగదీసి తెర అవతలి అంచున ఉన్నవాణ్ని కొడతాడు. యోగా అంటే ఇదేనని జపాన్‌వాళ్లకు ఎవరు చెప్పారో! వీడియోగేమ్ షాపులో మేమంతా వాణ్ని 'రబ్బరోడు' అనేవాళ్లం. మన దేశంవాడని ఎవరూ ప్రేమగా ఎంచుకునేవాళ్లు కాదు, నెమ్మదిగా ఉంటాడని. ఇప్పుడు ఆడుతుంటే వాడి లెక్క అర్థమవుతోంది. దూరం తెలిసినవాడి ఆట అది.

ఆ షాపుల్లో మేము ఆడింది ప్లేస్టేషన్ 1, కాపీ సీడీల మీద. రాజ్యం టెక్కెన్ 3ది. 'ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్' సీడీ కూడా ఉండేది, కానీ అందులో ప్రాణం లేదు. ఆర్కేడ్‌లో ఇద్దరి జట్టు, అలసినవాణ్ని బయటికి పంపి రెండోవాణ్ని ఆట మధ్యలో దింపడమే దాని మజా. ప్లేస్టేషన్ 1 మెమరీ 2 మెగాబైట్లే. నలుగురు పెద్ద బొమ్మలను ఒకేసారి పట్టుకునే శక్తి దానికి లేక, మామూలు ఆటలో ఆ మార్పిడినే తీసేశారు. రెండోవాడు అప్పుడప్పుడూ తొంగి చూసి పోతాడు. జపాన్‌లో సెగా శాటర్న్‌కు 4 మెగాబైట్ల కార్ట్రిడ్జ్ గుచ్చి పూర్తి ఆట ఇచ్చారు. అది మన దాకా ఎక్కడొస్తుంది? ఈ కలెక్షన్‌లో ఉన్నది ఆర్కేడ్ ఆట యథాతథంగా. నా తరం వాళ్లు సగమే చూసిన గేమ్‌ను పూర్తిగా చూడొచ్చు.

రివ్యూ రాసేవాళ్లకు చిన్న సలహా. ముందు టీవీ సెట్టింగుల్లోకి పోయి గేమ్ మోడ్ పెట్టండి. కొత్త టీవీలు బొమ్మకు నునుపు పెట్టడానికి సమయం తీసుకుంటాయి. ఒక్క ఫ్రేమ్ అంటే సెకనులో 60వ వంతు, అలాంటివి నాలుగైదు ఆలస్యమైతే మంచి గేమ్ కూడా మొద్దుగా తోస్తుంది. ఆ తప్పు గేమ్ ఖాతాలో రాయకూడదు.

ఒంటరిగా కంప్యూటర్‌తో ఆడి రివ్యూ రాయడమంటే నాకు నమ్మకం లేదు. మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, సెలవులకు వస్తే వాడే నా పరీక్షాధికారి. "మామా, నువ్వు ఊకె దుంకుతున్నవ్. జర వెనక్కి పట్టి ఆగు" అంటాడు. వెనక్కి పట్టడమంటే దెబ్బ కాచుకోవడం. వాడు మాగ్నీటోను పట్టాడంటే నా మనిషి నేల మీద కాలు పెట్టడు, గాల్లోనే పోతాడు. నేను కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంటాను. ఒక రివ్యూకు ఇంతకంటే పనికొచ్చే సమాచారం ఉండదు: ఒకసారి దెబ్బ తగిలాక ఓడినవాడికి మళ్లీ ఆడే అవకాశం ఎంతసేపటికి వస్తోంది? ఈ గేమ్‌లో ఒక్కోసారి రానే రాదు. ఆ లోపం నిజం, పాతికేళ్లుగా ఉంది, దాన్నే ముద్దు చేసేవాళ్లూ ఉన్నారు.

వాడి తర్వాత మా అక్క చేతికిచ్చాను. "తమ్మీ, ఈ పచ్చోడెవడు? ఏది ఒత్తితే ఏం చేస్తడు?" అంది. ఈ కలెక్షన్‌లో విద్యలను ఒకే బటన్‌కు కట్టుకునే ఏర్పాటుంది. కట్టిచ్చాను. కాసేపటికి హల్క్‌తో కొడుకు మీద ఒక రౌండ్ గెలిచి, పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయింది. దీన్ని చిన్నచూపు చూసే ఆటగాళ్లుంటారు. నేను మాత్రం మార్కులు వేశాను.

ఇలా రెండు లోకాలను కలిపే గేముల్లో దారి తప్పినవీ ఉన్నాయి. 2012 నాటి 'స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్'లో 12 మందిని డిస్క్‌లోనే పెట్టి తాళం వేసి, తాళంచెవి విడిగా అమ్మారు. బదులుగా టెక్కెన్‌వాళ్లు తెస్తామన్న గేమ్ ఇంతవరకూ రాలేదు. 2017 నాటి 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ ఇన్ఫినిట్'లో ఎక్స్‌మెన్ ఒక్కరూ లేరు. సుభద్ర లేకుండా కృష్ణార్జున యుద్ధం ఆడినట్టుంది. అదే ఏడాది ఇళ్లకొచ్చిన టెక్కెన్ 7లో మాత్రం స్ట్రీట్ ఫైటర్ అకుమాను అతని నిప్పుల బంతులతో సహా దింపారు. వచ్చింది ఒక్కడే, అయినా నిఖార్సుగా వచ్చాడు. అంకె చూడొద్దని నేను మొత్తుకునేది అందుకే.

హైదరాబాద్‌లో గేములు తయారుచేసే తమ్ముళ్లకు ఒక విన్నపం. 2009లో ప్లేస్టేషన్ 2కు 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది మన హైదరాబాద్ కంపెనీ ఆరోనానే. ఆ గేమ్ గొప్పదని అనను. కానీ హనుమంతుణ్ని కన్సోల్ ఎక్కించిన దారి అక్కడుంది. గయుడి కథ, యయాతి కథ సిద్ధంగా ఉన్నాయి. వాటికి లైసెన్సు కట్టక్కర్లేదు. కృష్ణార్జునులను ఎదురెదురుగా నిలబెట్టి, ఇద్దరి మాటా నిలిచేలా ఒక ఫైటింగ్ గేమ్ చెయ్యండి.

ఆ లైసెన్సు సంగతి కొనేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. మార్వెల్‌తో ఒప్పందం ముగిసి 2013 ఆఖర్లో ఈ 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2'ను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేశారు. మళ్లీ అమ్మకానికి రావడానికి పదేళ్లు పైన పట్టింది. ఇంట్లో రెండో కంట్రోలర్, దాన్ని పట్టుకునే మనిషి ఉంటేనే కొనండి. డౌన్‌లోడ్ కాకుండా డిస్క్ దొరికితే డిస్కే తీసుకోండి.