గట్టుకు గండి పడక ముందే

ఒంటిమిట్ట కోదండరాముడి గుడి మండపాన్ని 32 రాతి స్తంభాలు మోస్తున్నాయి. వందల ఏళ్లయినా రాయి రాయిలాగే ఉంది. అదే కడప జిల్లాలో, ఎర్రగుంట్ల మండలం కలమళ్ల దగ్గరున్న రాయలసీమ థర్మల్ కేంద్రంలో ఉక్కు గొట్టాలు మోసే బరువు వేరు. 210 మెగావాట్ల బాయిలర్‌లో ఆవిరి 540 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. లోపలి నుంచి ఆవిరి ఒత్తిడి, బయటి నుంచి మంట పొగలు. ఏళ్ల తరబడి అలా ఉన్నాక ఉక్కు మొదటిలాగే ఉండదు.

ఇలాంటి బాయిలర్లలో బాగా వేడెక్కే చోట వాడే స్టెయిన్‌లెస్ ఉక్కుల్లో 347హెచ్ ఒకటి. అందులో నూటికి 18 పాళ్లు క్రోమియం, దాదాపు 10 పాళ్లు నికెల్, కొద్దిగా నయోబియం, అతి కొద్దిగా కార్బన్ ఉంటాయి. క్రోమియం పైన పలుచని పొర కట్టి లోహాన్ని కాపాడుతుంది. నికెల్ పరమాణువుల అమరికను నిలబెడుతుంది. నయోబియం కార్బన్‌ను పట్టుకుని సన్నని రేణువులుగా మారుతుంది. వేడికి జారబోయే పరమాణువుల వరుసలకు ఆ రేణువులే అడ్డు.

ఈ ఉక్కు ముక్కను నునుపుగా సానబట్టి, ఆమ్లంతో తడిపి సూక్ష్మదర్శినిలో చూస్తే ఒంటిమిట్ట చెరువు కింది మళ్లు గుర్తొస్తాయి. ఒక్కో స్ఫటికం ఒక మడి, మధ్యన గట్లు. ఏళ్లు గడిచేకొద్దీ చిన్న రేణువులు కరిగి పెద్దవాటిలో కలుస్తాయి, అడ్డులు తగ్గుతాయి. గట్ల వెంట క్రోమియం కార్బైడ్లు పేరుకుంటాయి. మరింత వేడిలో ఇనుము, క్రోమియం కలిసి సిగ్మా అనే గట్టి, పెళుసు పదార్థం పుడుతుంది. బట్టల తీగ ఏళ్లకు సాగినట్టు లోహమూ సాగుతుంది. దీన్నే క్రీప్ అంటారు. గట్ల మీద సూదిమొనంత కూడా లేని ఖాళీలు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసి, చివరికి గండి పడుతుంది.

ఇంజినీర్లు ఈ మార్పును ముందే లెక్కలో వేసుకుంటారు. లక్ష గంటలు, అంటే పదకొండేళ్ల పైచిలుకు, ఉక్కు ఎంత బరువు మోయగలదో చూసి గొట్టం మందం తేలుస్తారు. అన్నేళ్లు కూర్చుని పరీక్షించలేరు కదా! 1952లో లార్సన్, మిల్లర్ వేడినీ కాలాన్నీ ఒకే సంఖ్యలో కలిపే సూత్రం ఇచ్చారు. ఎక్కువ వేడిలో కొద్దికాలం పరీక్షించి, తక్కువ వేడిలో ఎన్నాళ్లు మన్నుతుందో దాంతో అంచనా కడతారు. 600 డిగ్రీల దగ్గర మరో పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఆ లెక్క చెబుతుంది.

అందుకే గొట్టాన్ని మాడకుండా కాచే ఆవిరికి లోపల ఏదీ అడ్డుపడకూడదు. ఆవిరి తగిలే గోడకు నల్లని ఆక్సైడ్ పెచ్చు కడుతుంది. బాయిలర్ ఆరినప్పుడు ఉక్కు ముడుచుకున్నంతగా పెచ్చు ముడుచుకోదు; విడివడి కింది వంపులో పడుతుంది. అక్కడ ఆవిరి తగ్గితే గొట్టం మాడుతుంది. ఆ వంపును కోయకుండానే, బయటి నుంచి అయస్కాంతపు పరికరం ఆనించి చూస్తారు. నికెల్ కుదిర్చిన అమరిక వల్ల ఈ ఉక్కు అయస్కాంతానికి అంటదు, పెచ్చు అంటుతుంది. పరికరం లాగిందంటే లోపల పెచ్చు చేరినట్టే. వేడిని మోయడానికి కలిపిన నికెలే, ప్రమాదం ఎక్కడుందో చూపే దారి కూడా ఇచ్చింది.