మల్లీశ్వరికి ఎన్ని స్పీకర్లు కావాలి?

పాత సినిమాల మీద రాసేటప్పుడు ఏ ప్రింటు చూశామో చెబుతాం. బొమ్మ మసకబారిందనో, పాట ఎగిరిపోయిందనో ఫిర్యాదు చేస్తాం. ఏ స్పీకర్లో విన్నామో మాత్రం ఎవరమూ రాయం. బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951) విషయంలో ఇది చిన్న లోటు కాదంటాను. ఆ కథంతా ఒక్క మాట మీద తిరుగుతుంది. ఆ మాట వినబడాలి.

వాన. సత్రంలో తలదాచుకున్న బావామరదళ్ళు. మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, పెద్దన కూడా అక్కడికే చేరతారు. మల్లి (భానుమతి) ఆటాపాటా చూసి రాజు ముచ్చటపడితే, నాగరాజు (ఎన్టీఆర్) మల్లికి పల్లకీ పంపించమని సరదాకి అంటాడు. అంతే. ఆ పల్లకీ తర్వాత నిజంగానే గుమ్మం ముందుకొస్తుంది, మల్లి అంతఃపురం పాలవుతుంది. తెలుగు సినిమాలో ఇంత ఖరీదైన వేళాకోళం ఇంకోటి లేదేమో. రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గానీ, తీసిన బి.ఎన్. గానీ ‘ఇదిగో, ఇది గుర్తుపెట్టుకోండి’ అని మన భుజం తట్టరు. మాట వచ్చి వెళ్ళిపోతుంది.

ఈ మధ్య చిలమకూరులో మా ఇంట్లో టీవీకీ, పాత ఫైవ్ పాయింట్ వన్ హోమ్ థియేటర్‌కీ కొత్త స్ట్రీమింగ్ స్టిక్ కలిపి ఈ సినిమానే పెట్టాను. (బి.ఎన్. పుట్టింది పులివెందుల తాలూకా కొత్తపల్లెలో, అంటే మా లెక్కలో మనోడే. సిమెంటు ఫ్యాక్టరీతో తప్ప ఎవరికీ తెలియని ఊరివాళ్ళం, ఈమాత్రం గర్వం ఉండనివ్వండి.) స్టిక్ టీవీ హెచ్‌డీఎంఐలోకి, టీవీలో ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ నుంచి రిసీవర్‌కి ఇంకో కేబులు. పది నిమిషాల పని. రిసీవర్‌లో ‘హాల్’ మోడ్ ఉంది. గది నాలుగు మూలలా వాన కురిసింది, అందరం మురిసిపోయాం. సత్రం సీను అయ్యాక అవ్వ అడిగింది: “వాడేమన్న్యాడ్రా ఆ పెద్దమనిషితో? వానలో ఏమీ ఇనపల్యా.”

అవ్వ చెవుల తప్పేం లేదు. ‘మల్లీశ్వరి’ మోనో సినిమా. వాన, గజ్జెలు, మాట అన్నీ ఒకే ట్రాక్‌లో ఉంటాయి. దేన్ని ముందుకు తేవాలో, దేన్ని వెనక్కి నెట్టాలో ఆనాటి సౌండు మనిషి హెచ్చుతగ్గులతోనే తేల్చుకున్నాడు. ఇప్పుడు ఆన్‌లైన్లో అదే ట్రాక్ ఎడమ, కుడి చానెళ్ళలో కవలపిల్లల్లా వస్తుంది. ‘హాల్’ మోడ్ దానికి లేని ప్రతిధ్వని పుట్టించి చుట్టూ చల్లుతుంది. వానకి అది అందమే. కానీ మాట కూడా అదే ట్రాక్‌లో ఉంది కదా, దానికీ అంటుకుంటుంది, హల్లులు అరిగిపోతాయి. భానుమతి తన పాటలు తానే పాడుకుంది. మాటలోంచి పాటలోకి వెళ్ళినా గొంతు మారకపోవడం ఈ సినిమాకున్న పెద్ద ఆస్తి. ‘హాల్’లో పాట కోటలో పాడినట్టు, మాట బావిలోంచి పలికినట్టు ఉంటాయి. ఒక మనిషి ఇద్దరైపోతుంది.

మామూలు స్టీరియో మేలే, సరిగ్గా మధ్యలో కూర్చుంటే. మన ఇళ్ళలో మధ్యలో ఎవరు కూర్చుంటారు? గోడ పక్క మంచం మీదున్న అవ్వకి అంతా దగ్గరి స్పీకర్లోంచే వస్తుంది. ఒక స్పీకరుకి ఎరుపు, నలుపు తీగలు తారుమారైతే ఇంకా అన్యాయం: రెండు చానెళ్ళలో ఉన్నది ఒకటే కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, గొంతు డొల్లగా ఎక్కడో తేలుతుంటుంది. దీనికి సరైన విరుగుడు పాత ప్రో లాజిక్. రెండు చానెళ్ళలో ఒకేలా ఉన్నదాన్ని అది సెంటర్ స్పీకరుకి పంపుతుంది. మోనో సినిమాలో అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి మొత్తం తెర దగ్గరికే చేరుతుంది. అలా మార్చి సత్రం సీను మళ్ళీ పెట్టాను. వాన చిన్నదైపోయింది. నాగరాజు మాట వినబడింది. అవ్వ ముందు నవ్వింది, తర్వాత “వీని నోరు పడిపోనూ” అంది.

పాత సినిమాకి కొత్త శబ్దం వద్దనడం చాదస్తం అనొచ్చు. ‘మాయాబజార్’కి 2010లో రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చి విడుదల చేశారు కదా? చేశారు. అక్కడ ఎవరో కూర్చుని ఏ చప్పుడు ఎటు వెళ్ళాలో నిర్ణయించారు. నచ్చకపోతే పోట్లాడటానికి ఎదురుగా మనిషున్నాడు. రిమోట్ మీద బటన్‌కి వానకీ మాటకీ తేడా తెలీదు.

సెంటర్ స్పీకరొక్కటే మోగుతుంటే మిగతా నాలుగింటికీ, సబ్ వూఫర్‌కీ పెట్టిన డబ్బులు దండగే కదా అన్నాడు నాయన. ‘మల్లీశ్వరి’ ఆడే దాదాపు మూడు గంటలూ దండగే.