డిసెంబరు సకినాలు

సకినాలంటే సంక్రాంతి గుర్తొస్తుంది. కానీ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల్లోని క్రైస్తవుల ఇళ్లలో అంతకు మూడు వారాల ముందే మూకుడు పొయ్యి మీదికెక్కుతుంది. వానకాలం వడ్లు కోసి, కొత్త బియ్యం చేతికొచ్చే రోజులవి. క్రిస్మస్ వంట అనగానే మనకు ప్లమ్ కేకు బొమ్మ కనిపిస్తుంది. కేకు ఈ ఊళ్లకూ వచ్చింది, చర్చిలో కోస్తారు కూడా. అయినా ఇరుగుపొరుగుకు పంచే పళ్లెంలో సకినాలు, గరిజెలు, అరిసెలు, గులాబీ పువ్వులదే పెద్దపీట. వీటిని ఒక్కరే కూర్చుని చేయడం మహా కష్టం. వీటి విలువంతా అక్కడే ఉంది.

సకినాల పని ముందు రాత్రే మొదలవుతుంది. బియ్యం నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి, తడి పూర్తిగా ఆరకముందే గిర్నీలో పట్టించాలి. గోధుమ పిండికి ఉండే సాగే గుణం బియ్యప్పిండికి లేదు. పొడిపిండితో తీగ చుట్టబోతే పుటుక్కున తెగుతుంది. తడిపిండిని మెత్తగా జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ తడపాలి. ఉతికిన నూలుబట్ట పరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలితిప్పుతూ మూడు నాలుగు చుట్లు తిప్పాలి. తీగకు పట్టునిచ్చేది ఆ మెలికే. ఎక్కువైన నీటిని కింది బట్ట పీల్చుకుంటుంది. తొందరపడి తీస్తే సకినం విరిగిపోతుంది, ఆలస్యం చేస్తే ఎండి పగులుతుంది.

ఇక వేయించడం. మంట మధ్యస్థంగా ఉండాలి, రంగు రాకముందే లోపలి తేమ పోవాలి. ఎర్రబడితే వంట తప్పినట్టే. తెల్లగా ఉండి పటుక్కున విరిగితేనే సకినం. తేమ మిగలదు కాబట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోస్తే డిసెంబరులో చేసినవి కొత్త సంవత్సరం దాటినా చెడవు.

తడిపిండి రేపటిదాకా ఆగదు, చుట్టినవి సాయంత్రందాకా ఆగవు. అందుకే పిండి తడిపే మనిషి ఒకరు, చుట్టేవాళ్లు నలుగురు, మూకుడు దగ్గర ఒకరు కావాలి. చుట్టడం బాగా వచ్చిన పక్కింటి అత్తమ్మను పిలవక తప్పదు. ఆమె ఏ దేవుణ్ణి కొలుస్తుందన్నది అప్పుడెవరూ అడగరు. సంక్రాంతికి చేసేవాళ్లలో చాలామంది మొదట పిండితో గౌరమ్మను చేసి పెడతారు, క్రిస్మస్‌కు చేసేవాళ్లు ప్రార్థన చేసుకుని కూర్చుంటారు. ఆపైన చేతుల పని ఒక్కటే.

గులాబీ పువ్వుల కిటుకు వేరు. బియ్యప్పిండి, మైదా, చక్కెర, పాలు కలిపి జారుగా చేసుకుంటారు. గుడ్డు కొట్టి కలిపేవాళ్లూ ఉన్నారు. ఇనుప అచ్చును ముందు నూనెలో కాచాలి. చల్లగా ఉంటే పిండి అంటదు, మరీ కాగితే అంటినట్టే అంటి జారిపోతుంది. అచ్చును పిండిలో ముప్పావు వంతే ముంచాలి. పై అంచు మునిగిందా, పువ్వు ఊడి రాదు. ఇదే అచ్చుతో కేరళలో అచ్చప్పం, శ్రీలంకలో కొకిస్ చేస్తారు. కొకిస్ డచ్చివాళ్ల నుంచి వచ్చిందని చెబుతారు. నార్వే, స్వీడన్ ఇళ్లలోనూ క్రిస్మస్‌కు ఇలాంటి అచ్చు పువ్వులే వేయిస్తారు.

పలుచోట్ల క్రిస్మస్ ఇలా ఊరి పంటనే వంటగా చేసుకుంది. ఫిలిప్పీన్స్‌లో డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది తెల్లవారుజాముల ఆరాధన జరుగుతుంది. ముగించుకుని బయటికొచ్చినవాళ్లకు వేడివేడి బిబింకా, పుతో బుంబోంగ్ దొరుకుతాయి. రెండూ బియ్యంతో చేసినవే. మెక్సికోలో మొక్కజొన్న పిండిని పొట్టాకుల్లో చుట్టి తమాలెలు వండటానికి చుట్టాలంతా ఒకచోట చేరతారు. అక్కడా ఒక్కరితో అయ్యే పని కాదది.

మన దగ్గర ఈ కథకు డోర్నకల్ పెద్ద గుర్తు. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కట్టించిన కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. దాని స్తంభాల్లో గుడి పనితనం, గుమ్మటాల్లో మసీదు పోలిక కనిపిస్తాయి. కొత్త విశ్వాసానికి ఊరి రూపమే ఇవ్వాలన్న ఆ ఆలోచనకు వంటింటి రూపం డిసెంబరు సకినం. వండిన ప్రతిపూటా పిడికెడు బియ్యం చర్చి కోసం తీసిపెట్టడం కూడా తెలుగు సంఘాల్లో పాత అలవాటే.

అజరయ్య కాలంలో ఈ సంఘాల్లో చేరినవాళ్లలో మాల, మాదిగ కుటుంబాలే ఎక్కువ. వాడలో వండినది ఊళ్లో ముట్టని రోజులవి. పండుగ పళ్లెం ఆ గీత దాటడానికి తరాలు పట్టింది, అన్నిచోట్లా ఇంకా దాటలేదు కూడా. అందుకే క్రిస్మస్ సకినాన్ని పొరుగింటివాళ్లు తీసుకుని తినడం మర్యాద ఒక్కటే కాదు, సమానత్వానికి చిన్న సాక్ష్యం కూడా.

భూపాలపల్లిలో ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి సింగరేణి తోడైంది. బొగ్గుబాయి కొలువులకు నాలుగు దిక్కుల నుంచి వచ్చినవాళ్లు క్వార్టర్లలో గోడకు గోడ ఆనుకుని ఉంటారు. షిఫ్టు దిగినవాళ్లు పిండి మోసుకొస్తారు. రాత్రి స్టార్ పట్టుకుని క్యారల్స్‌కు వచ్చిన పిల్లల చేతుల్లో గరిజెలు పెడతారు. పండుగనాడు ఆరాధన అయ్యాక బగారన్నం, మటన్ కూర. మరునాడు, 26న కూడా తెలంగాణలో సెలవే కాబట్టి పళ్లేలు తీరిగ్గా ఇల్లిల్లూ తిరుగుతాయి. బతుకమ్మకు సత్తుపిండి, రంజాన్‌కు షీర్ ఖుర్మా ఇచ్చిన ఇళ్లకు ఇది బదులు పళ్లెం.

ఇప్పుడు స్వీటు షాపుల్లో సకినాలు ఏడాది పొడవునా దొరుకుతున్నాయి, అమెరికాకు పార్సిళ్లూ వెళ్తున్నాయి. కొనుక్కోవడం తప్పేమీ కాదు, చాలాసార్లు రుచిలోనూ తేడా తెలియదు. కాకపోతే కొన్న పొట్లం పక్కింటి మనిషిని పిలవమని అడగదు. అందుకే పండుగకు కావలసినవి ఎన్ని కొన్నా, కిలో బియ్యమైనా ఇంట్లో నానబెట్టుకోవడం మేలు. చుట్టడం రాకపోతే మరీ మంచిది, వచ్చినవాళ్లను పిలవాల్సి వస్తుంది.